హుస్సేన్ సాగర్‌లో మా ఆదివారాలు

ఇంటికి వచ్చిన చుట్టాలు "ఆదివారం ఎక్కడికి వెళ్తారండీ?" అని అడిగితే నేను "సెయిలింగ్ క్లబ్బుకి" అంటాను. అంతే, కొందరేమో ‘అబ్బో, వీళ్ళు గొప్పవాళ్ళయిపోయారు’ అన్నట్టు చూస్తారు. ఇంకొందరు ముక్కు మూసుకుని "ఆ కంపు నీళ్ళల్లోనా?" అంటారు. రెండింటిలోనూ నిజం సగమే ఉంది. మావారు ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తారు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసి సంసారం చూసుకుంటున్నదాన్ని. మాకు గొప్పలూ లేవు, పడవా లేదు. పడవలన్నీ క్లబ్బువే. ఇక కంపు సంగతంటారా, ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు ఉంటుంది, కాదనను. వానలు పడి గాలి వీచడం మొదలైతే అంత తెలియదు.

నేను గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని. తెరచాప, చుక్కాని, తెడ్డు - ఈ మాటలు నాకు కొత్తవి కావు. మా చిన్నతనంలో రేవులో తెరచాప ఎత్తిన పడవలు చూసేవాళ్ళం. కానీ ఆడపిల్లలం నీళ్ళు తెచ్చుకోవడానికీ, కార్తీక దీపాలు వదలడానికీ తప్ప నది దగ్గరకి వెళ్ళింది లేదు. ఈత రాదు. అలాంటిది మా అమ్మాయి 2018 వేసవి సెలవుల్లో, తొమ్మిదేళ్ళ వయసులో, పక్కింటి పిల్లలతో కలిసి క్లబ్బులో శిక్షణకి చేరతానంటే నా గుండె గుభేలుమంది. మావారే ధైర్యం చెప్పారు. "లైఫ్ జాకెట్ లేకుండా ఒడ్డు దాటనివ్వరు, పక్కనే మోటారు బోటులో కోచ్ ఉంటాడు, ముందు ఈత నేర్పుతారు" అని. నాలుగు రోజులు ఒడ్డున కూర్చుని నా కళ్ళతో చూశాకే నమ్మాను.

పిల్లలు నడిపే ఈ పడవ పేరు ఆప్టిమిస్ట్. చూడటానికి మన బట్టలు నానబెట్టే తొట్టిలా ఉంటుంది. ముందు భాగం కూడా కోసుగా ఉండదు, కత్తిరించినట్టు ఉంటుంది. సుమారు ఏడున్నర అడుగుల పొడవు, 35 కిలోల బరువు. దాన్ని 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే, తక్కువ ఖర్చులో ప్లైవుడ్‌తో చేసుకునేలా తయారు చేశాడట. ఇప్పుడు ఫైబర్‌తో చేస్తున్నారు. పదిహేనేళ్ళు వచ్చేదాకా ఇందులో పోటీ చేయవచ్చు. ఆ తర్వాత లేజర్ పడవకి మారతారు. దాన్నే ఇప్పుడు ఇల్కా అంటున్నారు. పడవ ఒకటే, తెరచాపల్లో మూడు సైజులు. పిల్ల బరువునిబట్టి, బలాన్నిబట్టి తెరచాప మార్చుకోవచ్చు. పండక్కి కుట్టించిన పరికిణీకి ఏటేటా మడత విప్పినట్టు!

ఇందులో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఎదురుగాలికి పోవడం. వాలు గాలికి పడవ పోతుందంటే ఎవరైనా ఒప్పుకుంటారు. మరి గాలి ఎటునుంచి వస్తోందో అటే వెళ్ళాలంటే? తిన్నగా పోదు. కొంచెం కుడి వాలుగా వెళ్ళి, తిరిగి, కొంచెం ఎడమ వాలుగా వెళ్ళి, మళ్ళీ తిరిగి... కొండ మీదకి మెలికల దారి ఎక్కినట్టు వెళ్ళాలి. తిప్పిన ప్రతిసారీ తెరచాప కింద ఉన్న కొయ్య ఇటునుంచి అటు విసురుగా వస్తుంది. తల వంచకపోతే బొప్పి ఖాయం. సంసారంలో ఆడవాళ్ళం చేసేదీ అదే గదా అనుకుని నవ్వుకున్నాను. ఎదురుగాలి వచ్చిందని తిన్నగా ఢీకొంటామా? అటూ ఇటూ వాలుతూ, అవసరమైనప్పుడు తల వంచుతూ, చేరవలసిన చోటికే చేరతాం.

హుస్సేన్ సాగర్ ఇప్పటిది కాదు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించారు. మధ్యలో బుద్ధ విగ్రహం సంగతి మీకు తెలిసిందే. 1990లో తీసుకెళ్తుంటే నీళ్ళలో మునిగిపోయింది, 1992లో పైకి తీసి నిలబెట్టారు. పిల్లలు ఆయన్ని గురుతు పెట్టుకునే దిక్కులు చూసుకుంటారు. వానాకాలంలో పడమటి గాలి బాగా వీస్తుంది. అందుకే ఇక్కడి పెద్ద పోటీలు, హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్‌సూన్ రెగట్టా లాంటివి వానల్లోనే జరుగుతాయి. దేశం నలుమూలలనుంచి పిల్లలూ, ఆర్మీ వాళ్ళూ వస్తారు. చుట్టూ ఎత్తయిన భవనాలు ఉండటంవల్ల గాలి ఒక్క తీరుగా రాదు. ఒకచోట ఊపు, నాలుగు బారల అవతల నిశ్శబ్దం. సముద్రం మీద నేర్చుకున్న పిల్లలు కూడా ఇక్కడ తికమకపడతారని కోచ్ అంటూంటాడు. ఇక వినాయక నిమజ్జనం అయిన కొత్తల్లో వెదురు కర్రలు, గుడ్డలు చుక్కానికి చుట్టుకుంటాయి. అదొక్కటే మాకు తలనొప్పి.

పోటీ ఎలా జరుగుతుందో చెప్తాను, వినండి. కమిటీ వాళ్ళు ఒక బోటులో లంగరు వేసుకుని కూర్చుంటారు. ఆ బోటుకీ, నీళ్ళమీద తేలే ఒక గుర్తుకీ మధ్య కనబడని గీత. బయలుదేరడానికి 5 నిమిషాల ముందు ఒక జెండా ఎత్తి హారన్ కొడతారు. 4 నిమిషాలప్పుడు ఇంకో జెండా ఎక్కుతుంది. 1 నిమిషం ఉందనగా అది దిగుతుంది. సున్నాకి మొదటి జెండా దిగితే బయలుదేరాలి. బస్సుల్లాగా బ్రేకులు ఉండవు గనుక ఆ ఐదు నిమిషాలూ పిల్లలు గీత వెనకే గింగిరాలు తిరుగుతూ సమయం చూసుకోవాలి. ముందే దాటితే వెనక్కి పిలుస్తారు. ఆపైన నీళ్ళమీద పెట్టిన గుర్తులన్నీ చుట్టి రావాలి.

మార్కులు మాత్రం మన బడి మార్కులకి తలకిందులు. మొదట వచ్చినవాళ్ళకి 1, రెండో స్థానానికి 2. అలా పోను పోను పెరుగుతాయి. ఎవరికి తక్కువ ఉంటే వాళ్ళే గెలిచినట్టు. ఐదారు రేసులు పెట్టి, అందులో అన్నిటికన్నా చెడ్డదాన్ని ఒకదాన్ని తీసేసి కూడతారు. ఒక్కరోజు అన్నం మాడిందని మొత్తం వంటే రాదనకుండా ఉండటం లాంటిదన్నమాట. ఈ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

పిల్లలు నీళ్ళలో ఉంటే అమ్మలం ఒడ్డున ఉంటాం. మా ఒడ్డు ఒక చిన్న ప్రపంచం. ఒక ఆర్మీ ఆఫీసరుగారి భార్య ఉండేవారు, పంజాబీ ఆవిడ. ఆమె దగ్గర నేను పరాఠా నేర్చుకుంటే ఆమె నా దగ్గర గోంగూర పచ్చడి నేర్చుకుంది. డాక్టరుగారొకరు, కంప్యూటరు ఉద్యోగం చేసే అమ్మాయి ఒకామె, ఇంకా బండి అక్క. బండి అక్క అంటే బేగంపేట వైపు పొద్దున్నే ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ. ఆమె పేరు తెలిసినా మేమంతా అలాగే పిలుస్తాం. ఆమెకీ అదే ఇష్టం. పేదపిల్లలకి క్లబ్బు ఉచితంగా నేర్పుతుంది. అలా చేరింది ఆమె కూతురు, మా అమ్మాయి ఈడుదే. ఆదివారం బండి త్వరగా కట్టేసి, మిగిలిన ఇడ్లీలు, కారప్పొడి స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చేది. రేసు అయ్యేసరికి పిల్లలకి ఆకలి ఏ పాటి ఉంటుందో చెప్పలేను. డాక్టరుగారి కొడుకైనా ఆ డబ్బా దగ్గరే చేరేవాడు.

మా అమ్మాయి బూట్లు, నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లు, ఏడాదికల్లా బిగువైపోయేవి. బండి అక్క కూతురు పాదం కొంచెం చిన్నది. అందుకని ఆ బూట్లు, చేతి తొడుగులు ఆ పిల్లకి ఇచ్చేదాన్ని. ఇందులో దానం ఏమీ లేదు. అటకమీద పడి ఉండేవి ఒక పిల్లకి పనికొచ్చాయంతే. ఆ ఏళ్ళల్లో నేను తిన్న ఇడ్లీల లెక్క తీస్తే నేనే బాకీ.

2022 వానాకాలంలో జరిగింది అసలు సంగతి. క్లబ్బులో ఆరు రేసుల పోటీ పెట్టారు. 22 పడవలు. మొదటి ముగ్గురిని క్లబ్బే ఖర్చు పెట్టుకుని వేరే ఊరి పోటీలకి పంపుతుందని చెప్పారు. రైలు చార్జీలు, అక్కడ పడవ అద్దె అన్నీ కలిపితే మాలాంటి వాళ్ళకి మాటలు కాదు. బండి అక్కకి అయితే ఊహించడానికి కూడా లేదు. ఆరో రేసు అయ్యేసరికి మా అమ్మాయి మూడో స్థానంలో ఉంది, 14 పాయింట్లు. బండి అక్క కూతురు నాలుగు, 17 పాయింట్లు. నేను పర్సులోంచి పెన్ను తీసి, చిట్టీ లెక్క చూసుకున్నట్టు రెండుసార్లు కూడుకుని సంబరపడ్డాను.

పిల్లలు ఒడ్డుకి వచ్చారు. బండి అక్క కూతురు తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళి ఒక కాగితం అడిగింది. మా అమ్మాయి మీద ప్రొటెస్ట్!

ప్రొటెస్ట్ అంటే ఏమిటంటే, ఈ ఆటలో నీళ్ళమీద ఈల ఊదే రెఫరీ సాధారణంగా ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలి. ఇంకో పడవకి అడ్డం వచ్చామనుకుంటే అక్కడికక్కడే పడవని రెండు చుట్లు తిప్పాలి, దాంతో పాపం పోయినట్టే. గుర్తుకి తగిలితే ఒక చుట్టు. తిప్పకపోతే అవతలివాళ్ళు అక్కడే "ప్రొటెస్ట్" అని అరిచి, ఒడ్డుకి వచ్చాక రాసి ఇవ్వాలి. అప్పుడు కమిటీ కూర్చుని ఇద్దరి మాటా వింటుంది. ముఖ్యమైన నియమం ఒకటుంది. గాలి కుడివైపునుంచి తగులుతున్న పడవకే దారి హక్కు. ఎడమవైపునుంచి తగులుతున్నవాళ్ళు తప్పుకోవాలి. మా అమ్మాయి ఎడమ గాలిమీద వస్తూ, ముందునుంచి దాటేయగలననుకుందట. తగల్లేదు. కానీ ఆ పిల్ల చుక్కాని తిప్పి తప్పించుకోవలసి వచ్చిందట.

ఒడ్డంతా గుసగుసలు మొదలైనాయి. "వాళ్ళ బూట్లే వేసుకుని వాళ్ళ పిల్లమీదే!" అన్నారు ఒకరు. "మూడో స్థానం కోసమే ఇదంతా" అన్నారు ఇంకొకరు. "మీరు ఒక మాట అంటే ఆవిడ వెనక్కి తీసుకుంటుంది" అని నాకే సలహా ఇచ్చారు. ఇంతలో బండి అక్క రానే వచ్చింది. మొహం మాడిపోయి ఉంది. కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏమనుకోకమ్మా. మీ బూట్లేసుకొని మీ బిడ్డమీదనే కంప్లెయింట్ రాసింది ఇది. నేను వాపస్ తీసుకోమని చెప్తున్న. బూట్లు గూడ ఇచ్చేస్తది" అంది. కళ్ళల్లో నీళ్ళు. ఆ పిల్ల మాత్రం తల వంచుకుని నిలబడింది, ఏడవలేదు. బూట్లు అప్పుడే విప్పి చేత పట్టుకుంది.

ఆ బూట్లు చూసేసరికి నా మనసు ఎలాగో అయిపోయింది. నాకు మా అమ్మాయి వెళ్ళాలని లేదా? ఉంది, లేకేం. నెల రోజులుగా చుట్టాలందరికీ చెప్పుకుంటున్నాను. నేను ఒక్క మాట అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు, ఆ కాగితం వెనక్కి వచ్చేస్తుంది. కానీ పాత బూట్లిచ్చి, నోరు మూసుకోమంటే అది బూటు ఖరీదా, పిల్ల నోటి ఖరీదా? రేపు మా అమ్మాయి ఎవరింట్లోనో కోడలుగా ఉన్నప్పుడు, ‘మా తిండి తింటూ మాకే ఎదురు చెప్తావా’ అంటే నేను సహిస్తానా?

"అక్కా, బూట్ల సంగతి బూట్లది, రేసు సంగతి రేసుది. పిల్లల్ని గదిలోకి వెళ్ళనీ. పెద్దవాళ్ళు వింటారు, వాళ్ళు చెప్పిందే ఖాయం" అన్నాను. ఆ పిల్ల చేతిలోంచి బూట్లు తీసుకుని కిందపెట్టి, "తొడుక్కో, నేలంతా గాజు పెంకులు" అన్నాను.

గదిలోకి అమ్మానాన్నల్ని రానివ్వలేదు. కిటికీలోంచి చూశాం. బల్లమీద అరచేతిలో పట్టే చిన్న చిన్న బొమ్మ పడవలు పెట్టి, ఎవరు ఎటునుంచి వచ్చారో జరిపి చూపించమన్నారు. ఇద్దరూ పదమూడేళ్ళ పిల్లలు. బొమ్మలాట ఆడుకుంటున్నట్టే ఉంది కానీ ఇద్దరి మొహాలూ ఎంత గంభీరంగా ఉన్నాయో! చివర్లో పెద్దాయన మా అమ్మాయిని "ఆమె దారి మార్చకపోతే తగిలేదా?" అని అడిగాడట. మా అమ్మాయి కాసేపు ఆలోచించి "తగిలేది సార్" అందట. అంతే. ఆ రేసులో మా అమ్మాయిని తీసేశారు. అంటే 22 పడవలకి ఒకటి కలిపి 23 పాయింట్లు. తీసేయడానికి ఉన్న ఒక్క చెడ్డ రేసు అదే అయింది గనుక, అంతకుముందు తీసేద్దామనుకున్న 11 వచ్చి లెక్కలో కూర్చుంది. 14 కాస్తా 22 అయింది. ఆ పిల్ల ఒక మెట్టు పైకి జరిగి 17 నుంచి 16కి వచ్చింది. మూడో స్థానం ఆమెది, నాలుగు మాది.

మా అమ్మాయి బయటికి వచ్చి నా భుజంమీద తల పెట్టి ఏడ్చింది. నేనేమీ అనలేదు, వీపు నిమిరాను. పావుగంట అయ్యాక చూస్తే ఇద్దరూ పడవల చాటున కూర్చుని ఒకే డబ్బాలో ఇడ్లీలు తింటున్నారు. "ఎడమ గాలిమీద అంత దగ్గరగా ఎందుకొచ్చినవే?" అని అదీ, "గాలి పెరుగుతుందనుకున్నానే" అని ఇదీ. పిల్లలు సర్దుకున్నంత తొందరగా పెద్దలం సర్దుకోలేం. బండి అక్క రెండు ఆదివారాలు క్లబ్బుకి రాలేదు. మూడో వారం నేనే పొద్దున్నే ఆమె బండి దగ్గరకి వెళ్ళి, డబ్బులిచ్చి రెండు ప్లేట్ల ఇడ్లీ తిని, "అక్కా, ఆదివారం నువ్వు రాకపోతే పిల్లలు నా పులిహోరతో సరిపెట్టుకోవాల్సి వస్తోంది, పాపం" అన్నాను. నవ్వింది. వచ్చింది. ఆ పిల్ల పైఊరి పోటీకి వెళ్ళేటప్పుడు మా అమ్మాయి తన కొత్త చేతి తొడుగులు తానే ఇచ్చింది. నేను చెప్పలేదు.

తర్వాత ఏడాది ఇంకో గొడవ. ఈసారి మా ఇంట్లోనే. అమ్మాయి పెద్దమనిషి అయింది, ఎండకి నల్లగా అయిపోయింది, రేపు పెళ్ళికి ఎవరొస్తారు, ఇక చాలించమని అత్తయ్యగారు పట్టుబట్టారు. బండి అక్క ఇంట్లోనూ ఇదే పాట, వాళ్ళాయన తరఫువాళ్ళనుంచి. మేమిద్దరం ఒడ్డున కూర్చుని ఒకరి గోడు ఒకరికి చెప్పుకునేవాళ్ళం. ఆ సెప్టెంబరులోనే, 2023లో, చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ అనే అమ్మాయి సెయిలింగ్‌లో వెండి పతకం తెచ్చింది. మధ్యప్రదేశ్‌లో రైతు కూతురు. సముద్రం దగ్గర కాదు, భోపాల్ చెరువులో నేర్చుకున్న పిల్ల. ఆ ఫోటో చూపించి అత్తయ్యగారికి చదివి వినిపించాను. మద్రాసు అమ్మాయి నేత్రా కుమనన్ మన దేశంనుంచి ఒలింపిక్స్ సెయిలింగ్‌కి అర్హత సంపాదించిన మొదటి మహిళ అనీ, 2021లో టోక్యోకి, 2024లో పారిస్‌కి కూడా వెళ్ళిందనీ తర్వాత చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారని చెప్పను. కానీ ఇప్పుడు ఆదివారం పొద్దున్నే "శెనగపిండి, పెరుగు కలిపి ఉంచాను, వచ్చాక రాసుకోమను" అంటున్నారు. నాకు అది చాలు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. ఇల్కా నడుపుతోంది, అదీ పరీక్షలు లేని ఆదివారాలే. పతకాలు తెస్తుందో లేదో నాకు తెలియదు. బండి అక్క కూతురు మాత్రం మా అమ్మాయికంటే ఎప్పుడూ ఒక పడవ ముందే ఉంటుంది.

మీ ఊళ్ళో చెరువుమీద ఇలాంటి క్లబ్బు ఉండి, పిల్లల్ని పంపాలనుకుంటే నా అనుభవంలోంచి నాలుగు మాటలు. ముందు ఈత నేర్పించండి. లైఫ్ జాకెట్ పిల్ల ఒంటికి బిగువుగా ఉందో లేదో, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి మీరే చూడండి, గడ్డందాకా జారితే అది పెద్దదన్నమాట. రేసు ముందు పూరీలు, బజ్జీలు వద్దు. అరటిపండు, రెండు ఇడ్లీలు, సీసాలో ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళు చాలు. ఒంటిమీద పుండు, గాయం ఉన్నరోజు చెరువులోకి దింపకండి. ఇంటికి రాగానే సబ్బుతో తలస్నానం చేయించండి. చెరువు బట్టలు మిగతావాటితో కలపకుండా, వేరే బకెట్లో మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి తర్వాత సబ్బు పెట్టండి. లైఫ్ జాకెట్, బూట్లు నీడనే ఆరేయాలి, ఎండలో రబ్బరు పెళుసెక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒడ్డున కూర్చునేటప్పుడు డబ్బా కొంచెం పెద్దదే తీసుకెళ్ళండి. ఎవరి పిల్లలు గెలిచినా, ఓడినా, నీళ్ళలోంచి వచ్చేసరికి అందరికీ ఒకటే ఆకలి!